పొగలో పుట్టిన ఇనుప రజను

రజనూ, నిన్నెవరూ కోరి కనలేదు. కొండ తవ్వినవాళ్లు కడ్డీ కోసం తవ్వారు. కొలిమి కట్టినవాళ్లు పట్టాల కోసం, దూలాల కోసం కట్టారు. నువ్వు వాళ్ల రాబడి లెక్కలో లేవు, తరుగు లెక్కలో ఉన్నావు. బస్తర్ అడవుల్లో బైలదిలా కొండ మీద ఎర్రరాయిగా ఉన్నప్పుడు నీకు బరువుండేది, రూపముండేది. గూడ్సు వ్యాగన్ నిండా కూర్చుని, అరకు కనుమల్లో సొరంగం వెంట సొరంగం దాటి, కొత్తవలస మీదుగా విశాఖ తీరానికి దిగావు. అక్కడి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆ ముగ్గురిలో ఏ తల్లి ఒడిలోనో కరిగి, నీలోని ఆక్సిజన్‌ను బొగ్గుకు అప్పగించి, కళ్లు చెదిరే ద్రవమై పారావు. అప్పటికే నువ్వు ఇనుమువి. నీ కథ అక్కడితో అయిపోయి ఉంటే నిన్నిలా కీర్తించే పని నాకుండేది కాదు. కడ్డీని పొగడడానికి బిల్డర్లు చాలామందే ఉన్నారు.

నీ రెండో పుట్టుక కన్వర్టర్‌లో. 150 టన్నుల ద్రవ ఇనుము పట్టే మహాపాత్ర అది. పైనుంచి లాన్స్ దిగుతుంది. లోపల నీళ్లు తిరుగుతుంటే తప్ప ఆ వేడికి నిలవలేని గొట్టం. దాని రాగి మూతి నుంచి ఆక్సిజన్ ధ్వనికి దాదాపు రెండింతల వేగంతో దూకుతుంది. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో, మరుసటి ఏడు డోనవిట్జ్‌లో మొదలైన ఈ ఊదుడు ఇవాళ ప్రపంచపు ఉక్కులో ఎక్కువ భాగానికి ఆధారం. పదిహేను, ఇరవై నిమిషాలు. అంతలో ఇనుములో కరిగి ఉన్న కర్బనం కార్బన్ మోనాక్సైడై లేస్తుంది. కోట్ల బుడగలు. ప్రతి బుడగా పైకి వచ్చి, ఇనుప పొరను ఉబ్బించి, చిట్లుతుంది. చిట్లిన పొర సూక్ష్మమైన చుక్కలుగా ఎగురుతుంది. ఆ చుక్కవే నువ్వు.

ఆ కర్మాగారపు ప్రహరీ అవతల బంగాళాఖాతం కూడా ఇదే పని చేస్తుంటుంది. అల విరిగినప్పుడు నురగలో బుడగలు పగిలి ఉప్పునీటి తుంపర గాలిలో కలుస్తుంది. విశాఖలో కిటికీ ఊచలు తుప్పు పట్టేది ఆ తుంపరతోనే. ఒక తీరం మీద రెండు సముద్రాలు, ఒకటి ఉప్పుది, ఒకటి 1600 డిగ్రీలది. రెండూ పగిలే బుడగలతోనే గాలిలోకి తమను తాము చల్లుకుంటాయి. ఆక్సిజన్ నేరుగా తాకే చోట వేడి ఇంకా హెచ్చు. అక్కడ ఇనుము కొంత ఆవిరై కూడా పోతుంది. ఆ ఆవిరి చల్లబడి గడ్డకట్టిన నీ తమ్ముళ్లు మరీ సన్నం, మైక్రానులో పదో వంతు కూడా ఉండరు. బుడగలు విసిరిన నువ్వు వాళ్ల పక్కన భారీకాయుడివి, కొన్ని పదుల మైక్రాన్లు.

సూక్ష్మదర్శిని కింద నిన్ను చూసినవాళ్లు మొదట నమ్మరు. చెత్త అనగానే ముక్కా చెక్కా ఊహించుకుంటారు కదా. నువ్వు గుండ్రంగా ఉంటావు. ద్రవంగా ఎగిరి గాలిలోనే గట్టిపడ్డావు కాబట్టి తలతన్యత నిన్ను గోళంగా చుట్టింది. లోపల మెరిసే ఇనుప గుండె. పైన ఐరన్ ఆక్సైడు తొడుగు. తొడుగు మీద అక్కడక్కడా అతుక్కున్న సున్నపు రేణువులు. ఒక్కో గోళం లోపల బోలు కూడా. ఏ కంసాలి పట్టుకారుకూ అందని పనితనం, పొగగొట్టంలో ఏ మేస్త్రీ చూడకుండా జరిగిపోయింది.

నీ రంగు చూసి నీ పుట్టుక చెప్పవచ్చు. పాత రోజుల్లో కన్వర్టర్ మూతి దగ్గర వాయువును గాలితో కలిసి మండనిచ్చేవాళ్లు. అప్పుడు నువ్వు పూర్తిగా తుప్పువై ఎర్రగా, గోధుమగా చిమ్నీ దాటి ఊరి మీద పడేవాడివి. 1960ల్లో జపాన్‌లో ఆ వాయువును మండనివ్వకుండా పట్టి దాచుకునే పద్ధతి వచ్చింది. వాయువు ఇంధనం, దాన్ని వృథా చేయడమెందుకని వాళ్ల ఆలోచన. వాయువును కాపాడబోయి నిన్నూ సగం కాపాడారు. ఆక్సిజన్ చాలక నువ్వు నల్లగా, బూడిదరంగుగా, ఇనుమును ఇంకా లోపల దాచుకుని దిగుతావు. వెంచురీ అనే ఇరుకు గొంతులో నీటిజల్లు నిన్ను కొట్టి కిందకు దింపుతుంది. అప్పటి నుంచి నీ పేరు స్లడ్జ్. లారీ వాళ్లకు బురద.

ఎంత ఉంటావు నువ్వు? టన్ను ఉక్కుకు సుమారు పది నుంచి ఇరవై కిలోలు. 150 టన్నుల ఒక్క కాపుకు ఒకటిన్నర నుంచి మూడు టన్నులు. కాపులు పగలనక రాత్రనక సాగుతూనే ఉంటాయి. నీ ఒంట్లో సగానికి పైగా ఇనుమే. కొన్ని గనుల్లోని రాయి కూడా ఇంత మాట చెప్పలేదు. ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఆందోళనలో 1966లో విశాఖలో ప్రాణాలు పోయాయి. ఆ ఉక్కు మాది అని గోడలన్నీ నినాదాలయ్యాయి. నీ కోసం ఎవరూ ఒక పలక కూడా పట్టుకోలేదు. ఉక్కు ఊళ్లలో ఆడవాళ్లు నిన్ను తిట్టింది మాత్రం నిజం, దండెం మీద ఆరేసిన తెల్లచీర మీద వాలావని.

నిన్ను ఊరికే పారబోస్తారని అంటే తప్పవుతుంది. చాలా కర్మాగారాలు నిన్ను ఆరబెట్టి, ఖనిజపు పొడితో కలిపి, సింటర్ ప్లాంటుకు తిప్పి పంపుతాయి. అక్కడ కాలి ముద్దకట్టి, మళ్లీ బ్లాస్ట్ ఫర్నేసులో పడి, మళ్లీ కరుగుతావు. జమాఖర్చుల పుస్తకానికి అది చాలు. నాకు మాత్రం ఆ ఏర్పాటు మీద ఒక పేచీ ఉంది. కొండరాయి నుంచి ఒకసారి ఇనుముగా మారినదాన్ని, దాని గుండెలో ఇంకా ఇనుముండగానే, మళ్లీ రాళ్ల గుంపులో నిలబెట్టి మొదటి తరగతి నుంచి చదివించడమది. పైగా నీకున్న అసలు విద్యను, నీ చిన్నతనాన్ని, ఆ మంటలో చెరిపేస్తారు.

చిన్నతనం విలువ తెలిసినవాళ్లు వేరే వీధిలో ఉన్నారు. పౌడర్ మెటలర్జీ వాళ్ల సంగతి చెబుతున్నాను. వాళ్లకు ఇనుము పొడిగానే కావాలి. దాని కోసం వాళ్లు పడే పాట్లు చూడు. మంచి స్క్రాపు తెచ్చి కరిగిస్తారు. కరిగిన ఇనుమును సన్నని ధారగా వదులుతారు. ఆ ధార మీద నాలుగు వైపుల నుంచి అధిక పీడనంతో నీళ్లు కొట్టి చితక్కొడతారు. అలా ముక్కలైన చుక్కలను ఆరబెట్టి, పట్టిన తుప్పును హైడ్రోజన్‌లో వదిలించి, జల్లెడ పట్టి డ్రమ్ముల్లో నింపుతారు. ద్రవ ఇనుమును చుక్కలు చేయడానికి అక్కడ కరెంటు బిల్లు, పంపు ఖర్చు. ఆ పక్కనే కన్వర్టర్‌లో బుడగలు అదే పనిని ఉచితంగా, రోజంతా చేస్తుంటే దాన్ని కాలుష్యం పద్దులో రాస్తున్నాం.

నువ్వు ఈ దారిన నడిచే మొదటి చెత్తవు కూడా కావు. నీ పెద్దన్న ఒకడున్నాడు, మిల్ స్కేల్. ఎర్రగా కాల్చిన ఉక్కు దిమ్మె రోలింగ్ మిల్లులో నలుగుతున్నప్పుడు ఒంటి మీద నుంచి పెళుసుగా రాలే నల్లని పొలుసు. అందులో నూటికి 70 పాళ్లు ఇనుమే. దాన్ని నూరి, హైడ్రోజన్‌లో కాల్చి ఇనుప పొడి చేసి అమ్ముకోవడం పోయిన శతాబ్దంలోనే నిలదొక్కుకున్న వ్యాపారం. స్వీడన్‌లోని హోగనాస్‌లో వందేళ్లకు పైగా ఇంకో రకం సాధన నడిచింది. శుద్ధమైన ఖనిజపు పొడిని కోక్ రజనుతో, సున్నపురాయితో వరుసలుగా మట్టిగొట్టాల్లో పేర్చి, పొడవైన సొరంగపు బట్టీలోకి తోస్తారు. బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, సున్నం గంధకాన్ని పట్టుకుంటుంది. చివర్న బయటికొచ్చేది స్పంజిలా గుల్లబారిన ఇనుము. ఎక్కడా కరగదు. కరిగించకుండా ఇనుము చేయడం మనవాళ్లకూ తెలిసిన విద్యే. ఢిల్లీలోని ఇనుప స్తంభం అలా గుల్లగా దిగిన ముద్దలనే కాల్చి, కొట్టి, ఒకదానికొకటి అతికి నిలబెట్టినది. పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుకు కూడా తొలి మెట్టు బొగ్గుతో కాల్చిన అలాంటి ఇనుమే, ఆ తర్వాతే మూసలోకి వెళ్లి కరిగేది.

మరి అడ్డమేమిటి? నీ స్నేహాలు.

నువ్వు ఒంటరిగా రావు. కన్వర్టర్‌లో వేసిన సున్నం నీతో ఎగురుతుంది. సిలికా, మాంగనీసు, కొద్దిగా భాస్వరం వెంట వస్తాయి. అందరికంటే గట్టి జిగురు జింకుది. రేకుల ఇళ్ల కప్పులు, నీళ్ల బకెట్లు, కారు తలుపులు తుప్పు పట్టకుండా జింకు పూత పూస్తారు కదా, అవి పాతబడి స్క్రాపుగా కొలిమికి వస్తాయి. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది. ఉక్కు కొలిమి వేడికి అది నిలబడే ప్రసక్తే లేదు. ఆవిరై, పొగలో నిన్ను కలిసి, నీ ఒంటి ఆక్సైడుతో ముడిపడి జింకు ఫెర్రైట్ అవుతుంది. ఆ ముడి పలచని ఆమ్లానికి విడివడదు. స్క్రాపునే తిండిగా తినే ఎలక్ట్రిక్ ఆర్క్ కొలిమిలో పుట్టిన నీ దాయాదుల్లో జింకు ఐదో వంతు దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా ఉంటుంది. సీసం, కాడ్మియం తోడు. అమెరికా వాళ్లు ఆ దుమ్మును ప్రమాదకర వ్యర్థాల పట్టీలో చేర్చింది ఊరికే కాదు. అంత జింకుతో బ్లాస్ట్ ఫర్నేసుకూ తిరిగి పోలేవు, లోపల చక్కర్లు కొడుతూ అది కొలిమి గోడలను తినేస్తుంది.

అందుకని అందరినీ ఒకే కొలిమికి మొక్కించలేం. జింకు దండిగా ఉన్న దుమ్మును వెల్జ్ బట్టీకి పంపాలి. ఏటవాలుగా పడుకుని మెల్లగా తిరిగే పొడవాటి గొట్టం అది. కోక్‌తో కలిపి 1200 డిగ్రీల దాకా వేడి చేస్తే జింకు ఆవిరై లేచి, గాలి తగిలి తెల్లని ఆక్సైడుగా సంచుల్లో పడుతుంది. అక్కడ జింకుదే పెళ్లి, ఇనుముది పెట్టుపోతల బాధ్యత. మిగిలిన ఇనుము మడ్డిలో కలిసి రోడ్ల కిందకు పోతుంది. జపాన్‌లోని కిమిత్సు, కకొగావా కర్మాగారాల్లో వాడిన తిరిగే పొయ్యిగచ్చు పద్ధతి ఇద్దరికీ న్యాయం చేస్తుంది. దుమ్మునూ బొగ్గునూ కలిపి ఉండలు కట్టి, పళ్లెంలా తిరిగే గచ్చు మీద ఒకటి రెండు పొరలుగా పరిచి, 1300 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే జింకు పైకి పోతుంది, ఇనుము ఉండలోనే లోహమై మిగులుతుంది. పెన్సిల్వేనియాలోని ఎల్‌వుడ్ సిటీలో స్టెయిన్‌లెస్ దుమ్ము నుంచి నికెల్, క్రోమియం కూడా ఇదే తరహా గచ్చు మీద వెనక్కి తెచ్చుకున్నారు. కానీ వీటన్నిట్లో బయటికొచ్చేది ఉండ, ముద్ద, దిమ్మె. పొడి కాదు.

పొడిగానే కావాలంటే నీ దగ్గరికే రావాలి, జింకు తక్కువున్న కన్వర్టర్ రజనూ, నీ ముతక పాయ దగ్గరికి. ఆ పని నీళ్ల తొట్టిలో మొదలవుతుంది. వెంచురీ నుంచి జారిన నల్లనీళ్లు నెమ్మదించిన చోట బరువైన గింజ ముందు మునుగుతుంది. ఇనుప గుండె ఉన్నవి ముతకవి, అవే అడుగుకు చేరతాయి. పూర్తిగా తుప్పయిన సన్నం, జింకు పట్టిన సన్నం, పై నీటితో ముందుకు సాగిపోతుంది. చేటలో వడ్లు చెరిగే అమ్మ గాలిని నమ్ముకున్నట్టు ఇక్కడ నీటిని నమ్ముకుంటారు: గట్టిగింజ చేట వెనక్కి, పొల్లు ముందుకి.

ఆ తర్వాత బాల్ మిల్లు. ఉక్కు గుండ్లు దొర్లే పీపాలో నిన్ను పోసి తిప్పుతారు. ఇక్కడ నీ స్వభావమే నిన్ను కాపాడుతుంది. ఆక్సైడు పెళుసు, సున్నపు పెంకు పెళుసు, దెబ్బకు పగిలి పిండవుతాయి. లోపలి ఇనుము సాగేగుణమున్నది, దెబ్బ తింటే అణుగుతుంది గానీ పగలదు. పగిలినది కడుగునీళ్లతో పోతుంది. అణిగినది అయస్కాంతం పట్టుకుంటుంది. అయస్కాంతాన్ని మరీ నమ్మడానికీ లేదు. ఇనుము నల్ల ఆక్సైడైన మాగ్నటైట్‌ను చూసినా అది అంతే ఆబగా చేయి చాస్తుంది, ఆ చేతితో ఇనుముతో పాటు మాగ్నటైట్‌నూ, దానికి అతుక్కున్న చెత్తనూ ఎత్తుకొస్తుంది. అందుకే కడగడం, నూరడం, లాగడం ఒకసారితో తీరదు. అయినా ఇంత పనిలో ఎక్కడా మంట వెలిగించలేదు. బరువు, పెళుసుదనం, ఆకర్షణ, ఈ మూడింటినీ అడిగి పని చేయించుకున్నాం.

ఇక మంట. నీకు మిగిలిన తుప్పును తీసే పుణ్యం హైడ్రోజన్‌ది. ఎర్ర ఆక్సైడు 160 కిలోలు తీసుకుంటే అందులో 48 కిలోలు ఆక్సిజనే. దాన్ని పూర్తిగా లాగేయడానికి లెక్క ప్రకారం 6 కిలోల హైడ్రోజన్ చాలు. 112 కిలోల ఇనుము మిగులుతుంది, 54 కిలోల నీరు ఆవిరిగా వెళ్లిపోతుంది. కొండ పుట్టినప్పటి నుంచి ఇనుమును అంటిపెట్టుకున్న ఆక్సిజన్ చివరికి నీళ్లై గొట్టం చివర బొట్లు కడుతుంది. ఎర్రనిది నల్లనవుతుంది, నల్లనిది బూడిదరంగవుతుంది, 700 నుంచి 900 డిగ్రీల మధ్యలో, కరిగే దరిదాపులకు కూడా పోకుండా. ఆక్సిజన్ ఖాళీ చేసిన గదులు రంధ్రాలుగా మిగిలిపోతాయి. అవి లోపాలని అనుకోకు. నున్నని గోళాలు అచ్చులో నొక్కితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. గుల్లబారిన గరుకు రేణువులు ఒకదాని వేళ్లు ఒకటి పట్టుకుంటాయి. ఇంకా కాల్చని పచ్చిబిళ్లకు బలం ఆ పట్టులోంచే వస్తుంది.

ఇక్కడే కత్తిమీద సాము. వేడి చాలకపోతే నీలో తుప్పు ఉండిపోతుంది. వేడి మించితే నీ చిన్నతనం పోతుంది. పక్కపక్కన ఉన్న రేణువులు మెడలు కలుపుకుని, అతుక్కుని, గడ్డకట్టిన చెక్క అవుతాయి. చెక్కను మళ్లీ చితకాలి. చితికితే గట్టిపడతావు, మళ్లీ హైడ్రోజన్‌లో మెల్లగా కాచి మెత్తబరచాలి. సన్నం పాయ మరీ చిక్కు. కొత్తగా శుద్ధయిన అతిసన్నని ఇనుము గాలి సోకగానే తనంత తానే అంటుకుంటుంది. అందుకే బట్టీలోనే, గాలి చొరని చోటే చల్లారనిచ్చి బయటికి తేవాలి. నిన్ను లోహం చేయడం ఎవరైనా చేస్తారు, నిప్పూ బొగ్గూ ఉంటే చాలు. నీ రేణువు రేణువుగానే ఉండగా లోహం చేయడం, అదీ విద్య. హైదరాబాద్ బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ కోసమే ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, ఏఆర్‌సీఐ. తీరంలో కన్వర్టర్లు, పీఠభూమి మీద పొడి విద్య తెలిసినవాళ్లు, మధ్యలో ఒక రాత్రి రైలు ప్రయాణం.

తేరిన తర్వాత నువ్వెక్కడికి పోతావో చెప్పనీ. గాజువాక నుంచి విజయవాడ దాకా ఏ ఆటోనగర్ షెడ్డులోనైనా వెల్డరును అడిగితే 7018 రాడ్డు అంటాడు. ఆ రాడ్డు పైపూతలో ఇనుప పొడి ఉంటుంది. రాడ్డు కాలుతుంటే ఆ పొడి కూడా కరిగి అతుకులో చేరుతుంది, అతుకు నిండుగా పడుతుంది. మామూలు గ్యాసుకు తెగని స్టెయిన్‌లెస్‌ను కోయడానికి ఆక్సిజన్ మంటలోకి ఇనుప పొడి చల్లుతారు. కలుషిత జలాల్లో ఇనుప పొడి తుప్పుపడుతూ ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది. అక్కడ తుప్పు పట్టడమే నీ ఉద్యోగం. మరీ శుద్ధంగా వస్తే అచ్చులోకి. చదరపు సెంటీమీటరుకు ఆరు టన్నుల నొక్కుడు, 1120 డిగ్రీల దగ్గర అరగంట, పళ్లచక్రం తయారు. చిప్స్ రాలవు, తరుగు దాదాపు ఉండదు. టేబుల్ ఫ్యాన్ ఇరుసు తిరిగే బుష్ ఇలాంటి రంధ్రాల లోహమే, రంధ్రాల్లో నూనె దాచుకుని ఏళ్ల తరబడి తనకు తానే పోసుకుంటుంది. పోషణకని పిండిలో కలిపే ఇనుము దగ్గరికి మాత్రం నిన్ను రానివ్వను. నీ మీద ఎంత భక్తి ఉన్నా, సీసం తోడున్న ఇంట్లో పుట్టినదాన్ని పిల్లల రొట్టెలో పెట్టమనలేను. అది వేరే రకం పొడి పని.

స్తోత్రం చదివినవాళ్లు చివర్న ఏదో ఒకటి కోరుకుంటారు. నా కోరిక కర్మాగారం మేనేజర్లకు. తొట్టి అడుగున మునిగిన ముతకనూ, ఫిల్టర్ ప్రెస్సు నుంచి రాలిన సన్నాన్నీ ఒకే బండిలో ఎత్తకండి. రెండు బండ్లు పెట్టండి. సన్నాన్ని సింటర్‌కే పంపండి, నాకు అభ్యంతరం లేదు. ముతకను ఒక షెడ్డు కింద, వాన తడపకుండా, సున్నం లారీలకు దూరంగా, విడిగా పోయించండి. రెండో బండికి డీజిల్ ఎవరి పద్దులో రాయాలన్నది సింటర్ వాళ్లూ కన్వర్టర్ వాళ్లూ కూర్చుని తేల్చుకోవాలి. నాకు తెలిసినంతలో పెద్ద పెద్ద రసాయన సమస్యలు తీరిన తర్వాత కూడా పని ఆగేది అలాంటి చోటే.